4కె కెమెరా తర్వాత కొనుక్కోవచ్చు, ముందు మైకు సంగతి చూడండి

మీరు అడిగింది ఇదీ. రాజోలు దగ్గర మీ ఊళ్ళో పాతిక ముప్ఫై మంది రొయ్యల రైతులు నెలకోసారి కమ్యూనిటీ హాల్లో కూర్చుని, చెన్నైలో ఉండే ఆక్వా డాక్టరు గారితో జూమ్‌లో మాట్లాడుతున్నారు. ఒక ల్యాప్‌టాప్, 55 అంగుళాల టీవీ, టీవీ నెత్తిన ఒక వెబ్‌క్యామ్ ఉన్నాయి. మీ మాటలు ఆయనకి నూతిలోంచి వచ్చినట్టు వినిపిస్తున్నాయి. ఆయన మాట ఆయనకే తిరిగి వస్తోంది. బొమ్మ మధ్యమధ్యలో బిగుసుకుపోతోంది. షాపు వాళ్ళేమో 4కె పీటీజెడ్ కెమెరా (రిమోట్‌తో అటూ ఇటూ తిరిగి, జూమ్ అయ్యే కెమెరా) పెట్టిస్తే అంతా సర్దుకుంటుందన్నారు. సంఘం డబ్బు దాని మీద పెట్టొచ్చా, చెరువు గట్టు మీంచి రొయ్యని లైవ్‌లో చూపించడం కుదురుతుందా అని మీ ప్రశ్న.

భీమవరం, పాలకొల్లు, అమలాపురం వైపు కాలేజీలకీ, ఫీడు కంపెనీలకీ, పెళ్ళి మండపాలకీ నేను చాలా ఏళ్ళుగా ఈ పనే చేస్తున్నాను కాబట్టి సూటిగా చెప్తాను. ఇప్పుడప్పుడే కెమెరా కొనకండి. మీరు చెప్పిన మూడు ఇబ్బందుల్లో ఒక్కటి కూడా కెమెరా వల్ల వచ్చింది కాదు. మొదటిది మైకు ఎక్కడుందన్న దాని వల్ల, రెండోది మీ హాల్లో స్పీకరు శబ్దం మళ్ళీ మైకులోకి పోవడం వల్ల, మూడోది నెట్ అప్‌లోడ్ వల్ల. బొమ్మ మసగ్గా ఉన్నా గంటసేపు మీటింగ్ నడుస్తుంది. మాట తెలియకపోతే పది నిమిషాలకే అందరూ టీ తాగడానికి లేచిపోతారు.

ముందు మైకు. ఇప్పుడు మీరు వాడుతున్న మైకు వెబ్‌క్యామ్‌లోదే, అంటే టీవీ దగ్గర ఉంది. వెనక వరసలో కూర్చున్న రైతు దానికి పదహారు అడుగుల దూరంలో ఉన్నాడనుకోండి. దూరం రెట్టింపైన ప్రతిసారీ నోటి నుంచి మైకుకి నేరుగా చేరే శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది. చేతి మైకు నోటికి అర అడుగు దూరంలో ఉంటుంది. అర అడుగు, అడుగు, రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు... అయిదుసార్లు రెట్టింపైంది, అంటే 30 డెసిబెల్స్ పడిపోయింది. శక్తి లెక్కలో వెయ్యో వంతు! గోడలకి కొట్టుకుని తిరిగే ప్రతిధ్వని, ఫ్యాన్ల హోరు మాత్రం హాల్లో ఏ మూలైనా దాదాపు ఒకేలా ఉంటాయి. ఇక మైకుకి ఏది ఎక్కువ వినబడుతుందో మీరే చూసుకోండి. ఎంత ఖరీదైన మైకు తెచ్చి టీవీ మీద పెట్టినా ఈ లెక్క మారదు. మైకు నోటి దగ్గరికి రావాలి, అంతే.

అంచేత బల్ల చుట్టూ ఆరుగురు కూర్చునే ఆఫీసు గదికి తయారుచేసిన గుండ్రటి స్పీకర్‌ఫోన్లు మీ హాలుకి పనికిరావు. మనూళ్ళో పెళ్ళికీ, జాతరకీ వచ్చే మైక్ సెట్టు కుర్రాణ్ణి పిలవండి. అతని దగ్గర రెండు కార్డ్‌లెస్ చేతి మైకులు, చిన్న మిక్సర్ ఉంటాయి. ఒక మైకు ముందు కూర్చున్న పెద్దల దగ్గర ఉంటుంది, రెండోది ఒక కుర్రాడు పట్టుకుని వరసల్లో తిరుగుతాడు. మాట్లాడే మనిషి గడ్డానికి ఆనించినంత దగ్గర పెట్టుకోవాలి. మనవాళ్ళు మొహమాటపడి మైకుని బొడ్డు దగ్గర పట్టుకుంటారు, ఆ ఒక్కటీ పట్టించుకోండి చాలు.

మిక్సర్ నుంచి ల్యాప్‌టాప్‌కి వైరు లాగేటప్పుడు మాత్రం మీరు పక్కనే నిలబడండి. మైక్ సెట్టు వాళ్ళకి హాల్లో మోగించడం బాగా వచ్చు, అవతలికి పంపడం వేరే పని. మిక్సర్ మీద ఎకో అనో, డిలే అనో ఒక నాబ్ ఉంటుంది. మనవైపు అది లేకపోతే మైకు పనిచేయనట్టే లెక్క, ఎప్పుడూ సగం తిప్పే ఉంటుంది. దాన్ని సున్నా చేయించండి. తర్వాత, మెయిన్ అవుట్‌పుట్‌ని ల్యాప్‌టాప్‌కి పెట్టనివ్వకండి. డాక్టరు గారి గొంతు కూడా ల్యాప్‌టాప్ నుంచి మిక్సర్‌లోకే వస్తుంది కాబట్టి మెయిన్‌లో అదీ కలిసి ఉంటుంది, మళ్ళీ ఆయనకే పోతుంది. ఆక్స్ అని రాసిన అవుట్‌పుట్ నుంచి వైరు తీసుకోండి. రెండు మైకుల ఛానళ్ళలో ఆక్స్ నాబ్ పెంచండి, ల్యాప్‌టాప్ శబ్దం వచ్చే ఛానల్‌లో ఆక్స్ నాబ్ పూర్తిగా మూసేయండి. హాలుకి అందరి గొంతూ వినబడుతుంది, డాక్టరు గారికి ఆయన గొంతు తప్ప మిగిలినవన్నీ వెళ్తాయి. ఆర్డర్ మీద స్టూడియో సామాను తెప్పించక్కర్లేదు, ఆ ఒక్క నాబ్‌తోనే చాలా హాళ్ళలో ఎకో సగానికి సగం పోతుంది.

ఆ వైరుని ల్యాప్‌టాప్ హెడ్‌సెట్ రంధ్రంలో గుచ్చకండి. అది కొద్ది మిల్లీవోల్టుల మైకు కోసం పెట్టింది. మిక్సర్ నుంచి వచ్చేది దానికి ఎన్నో రెట్లు బలమైన సిగ్నల్, గొంతు చీరుకుపోయినట్టు వస్తుంది. లైన్ ఇన్‌పుట్ ఉన్న చిన్న యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ ఒకటి కొనండి. కెమెరా మీద పెడదామనుకున్న డబ్బులో చిన్న భాగంతో అయిపోతుంది. కలిపాక బుయ్‌మని సన్నటి మోత వస్తే ల్యాప్‌టాప్ చార్జర్ తీసి చూడండి. మోత ఆగితే అది ఎర్త్ లూప్ (రెండు పరికరాల ఎర్త్ వైర్లు ఆడియో వైరుతో కలిసి చుట్టులా ఏర్పడటం) వల్ల వచ్చే 50 హెర్ట్జ్ హమ్. మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ఆడియో ఐసొలేటర్ పెడితే పోతుంది. కొంతమంది కుర్రాళ్ళు ప్లగ్గు ఎర్త్ పిన్ను విరిచేసి మోత ఆపేస్తారు. ఎట్టి పరిస్థితుల్లోనూ ఒప్పుకోకండి. తడి కాళ్ళతో చెరువు మీంచి నేరుగా హాలుకొచ్చి మైకు పట్టుకునే మనుషులు మీవాళ్ళు.

ఎకో గురించి ఇంకో మాట. మీటింగ్‌లో ఎవరి మాట వాళ్ళకే తిరిగి వినిపిస్తుంటే తప్పు వాళ్ళ దగ్గర ఉండదు, అవతలి వైపు ఉంటుంది. డాక్టరు గారు తన ఫోను మార్చి, హెడ్‌సెట్ మార్చి విసిగిపోయారని రాశారు, పాపం. ఆయన ఏం మార్చినా లాభం లేదండి, ఆ శబ్దం మీ టీవీ స్పీకర్లోంచి మీ మైకులోకి వెళ్ళి తిరుగు ప్రయాణం చేస్తోంది. జూమ్ అయినా, గూగుల్ మీట్ అయినా స్పీకరుకి తాను ఏ శబ్దం పంపిందో గుర్తుపెట్టుకుని, మైకులోంచి వచ్చిన దాంట్లో దాన్ని తీసేస్తుంది. అది సరిగ్గా జరగాలంటే పంపిన శబ్దం ఎంత ఆలస్యంగా, ఏ రూపంలో తిరిగి వస్తుందో నిలకడగా ఉండాలి. బ్లూటూత్ స్పీకరు పెడితే ఆలస్యం మారుతూ ఉంటుంది. టీవీ తన బొమ్మ మెరుగులు దిద్దుకుంటూ శబ్దాన్నీ ఆలస్యం చేస్తుంది, అందుకే టీవీ సెట్టింగ్స్‌లో గేమ్ మోడ్ ఆన్ చేయండి. వాల్యూమ్ చివరిదాకా పెంచితే స్పీకరు జీరబోతుంది, జీరబోయిన శబ్దం సాఫ్ట్‌వేర్ లెక్కకి అందదు. హాల్లోనే ఎవరో ఉత్సాహవంతుడు తన ఫోన్‌లో కూడా అదే మీటింగ్ లింకు నొక్కి స్పీకర్ ఆన్ చేశాడంటే ఇక కీచుమని గోలే. పార్టిసిపెంట్ల జాబితాలో మీ ఊరి పేరుతో రెండో పరికరం కనబడితే ముందు దాన్ని తీసేయండి.

హాలు గోడల సంగతి. టైల్స్ నేల, స్లాబ్, నున్నటి గోడలు... మాట ఆగడానికి చోటే లేదు. సౌండ్ ప్రూఫింగ్ అని రేకులూ ఫోములూ అంటించే పని పెట్టుకోకండి. టెంట్ హౌస్ నుంచి మందపాటి తెరలు రెండు మూడు తెప్పించి, మైకు పట్టుకునే వాళ్ళ వెనక గోడకి ముడతలు ముడతలుగా వేలాడదీయండి. గోడకి ఆనించకుండా జానెడు ఖాళీ వదిలితే ఇంకా బాగా పీల్చుకుంటాయి. కొబ్బరి పీచు పరుపులు మన కోనసీమలో దొరక్కపోవడం ఉండదు కదా, మందంగా ఉన్నవి అయితే అవీ పనికొస్తాయి. పల్చటి డోర్‌మ్యాట్లు మాత్రం దండగ. ఫ్యాన్లు ఆపమని నేను చెప్పను, మే నెలలో చెప్పినా ఎవరూ వినరు. మైకు సరిగ్గా ఫ్యాను కింద లేకుండా చూసి, దాని మూతికి స్పాంజి తొడగండి.

ఇప్పుడు మన గోదావరి వాళ్ళకే ప్రత్యేకమైన చిక్కు ఒకటి. అవతలి మనిషి మాట్లాడుతుంటే మనం ఊరికే వినం. ఆయ్... ఆయ్ అండి... అంటూ ఉంటాం. ఎదురుగా ఉన్న మనిషికి అది మర్యాద. మీటింగ్ సాఫ్ట్‌వేర్‌కి మాత్రం ప్రతి ఆయ్ ఒక కొత్త వక్త! వేరే చోటి నుంచి ఇంకెవరైనా చేరి ఉంటే వాళ్ళ తెర మీద బొమ్మ ఒక్క దెబ్బలో డాక్టరు గారి నుంచి మీ హాలుకి గెంతుతుంది. అదే క్షణంలో ఎకో తీసే యంత్రాంగం రెండువైపులా మాట వినబడి తడబడి ఆయన గొంతుని కాసేపు నొక్కేస్తుంది. మందు మోతాదు చెబుతుండగా అదే అంకె మింగేసిందనుకోండి, ఎంత ప్రమాదం! దీనికి తోడు ఆలస్యం. మాట ఒకవైపు చేరడానికి 150 మిల్లీసెకన్ల లోపు పడితే మామూలు సంభాషణలా ఉంటుందని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ జీ.114 సిఫార్సు చెబుతుంది. 400 దాటితే పనికిరాదంటుంది. మధ్యలో ఉంటే ఒకరి మాట మీద ఒకరు పడిపోతుంటారు. కాబట్టి ల్యాప్‌టాప్ దగ్గర ఒకరిని కూర్చోబెట్టండి. డాక్టరు గారు మాట్లాడినంతసేపూ మ్యూట్, హాల్లో ఎవరి చేతికైనా మైకు వెళ్ళగానే అన్‌మ్యూట్. ఆ పని చేసే మనిషి చెరువు విషయాల్లో తలదూర్చకూడదు.

బొమ్మ బిగుసుకుపోవడం గురించి. మీ ఫైబర్ ప్లాన్ 50 ఎంబీపీఎస్ అని రాశారు, అది దించుకునే వేగం. మీటింగ్‌కి కావలసింది పంపే వేగం. గ్రూప్ మీటింగ్‌లో 720పీ బొమ్మ పంపడానికి 2.6 ఎంబీపీఎస్, 1080పీకి 3.8 కావాలని జూమ్ వాళ్ళ లెక్క. వట్టి మాటకైతే 60 నుంచి 80 కిలోబిట్లు చాలు. ఫైబర్‌లో ఆ మాత్రం పంపే వేగం మామూలుగా ఉంటుంది, అది నిలకడగా లేకపోవడమే చిక్కు. హాలు వైఫై పాస్‌వర్డ్ గోడ మీద రాసి ఉందని ఫోటోలో కనబడింది. పాతిక మంది ఫోన్లు ఆ వైఫై దొరకగానే పొద్దున తీసిన ఫోటోలూ వీడియోలూ బ్యాకప్ మొదలుపెడతాయి. రౌటర్‌లో పంపాల్సిన డేటా బారులు తీరుతుంది, మీ మీటింగ్ డేటా ఆ వరస చివర నిలబడుతుంది. స్పీడ్ టెస్టులో అంకె బ్రహ్మాండంగానే ఉంటుంది, మీటింగ్ మాత్రం ఆగిపోతుంది. ఒకసారి పరీక్ష చేయండి. ఒక ఫోన్‌లోంచి పెద్ద వీడియో అప్‌లోడ్ పెట్టి, అది నడుస్తుండగా ల్యాప్‌టాప్‌లో పింగ్ (డేటా వెళ్ళి తిరిగి రావడానికి పట్టే సమయం) చూడండి. 20, 30 మిల్లీసెకన్లు ఉండాల్సింది 300కి ఎగబాకితే దొంగ దొరికినట్టే.

మందు కూడా సులువే. పాస్‌వర్డ్ మార్చేసి మీటింగ్ ల్యాప్‌టాప్‌కి తప్ప ఇంకెవరికీ ఇవ్వకండి. రౌటర్‌లో ఎస్‌క్యూఎం గానీ, క్యూఓఎస్ గానీ (డేటా వరసని అదుపులో పెట్టే సెట్టింగులు) ఉంటే అప్‌లోడ్‌ని మీకు నిజంగా వచ్చే దానిలో 85, 90 శాతానికి బిగించండి. వైఫై వదిలేసి ల్యాన్ కేబుల్ పెట్టండి. మంచి కేబుల్ 100 మీటర్ల దాకా పనిచేస్తుంది. రౌటర్ పక్క బిల్డింగులో ఉంటే మాత్రం రాగి కేబుల్‌ని ఆరుబయట కొబ్బరిచెట్ల మీదుగా లాగకండి. వేసవి వానలకి పడే పిడుగుకి రెండువైపులా పోర్టులు మాడిపోతాయి. బిల్డింగుల మధ్య ఫైబర్, రెండు చివర్లా మీడియా కన్వర్టర్లు (ఫైబర్‌ని ల్యాన్ కేబుల్‌కి కలిపే డబ్బాలు) పెట్టించుకోండి. స్తంభాల మీద వేలాడే లైను గాలివానకి ఎప్పుడు తెగుతుందో తెలియదు కాబట్టి ఒక ఫోన్‌ని కిటికీ దగ్గర పెట్టి యూఎస్‌బీ టెథరింగ్‌తో (ఫోను నెట్‌ని వైరుతో ల్యాప్‌టాప్‌కి ఇవ్వడం) సిద్ధంగా ఉంచండి. ఫైబర్ ఒక కంపెనీదైతే సిమ్ ఇంకో కంపెనీది తీసుకోండి.

కరెంటు. హాలుకి ఇన్వర్టర్ ఉన్నా, మారే ఆ క్షణంలో రౌటర్ ఆరి వెలుగుతుంది, మళ్ళీ నెట్ రావడానికి రెండు మూడు నిమిషాలు. ఫైబర్ డబ్బాకీ, రౌటర్‌కీ చిన్న డీసీ మినీ యూపీఎస్ పెట్టండి. కొనేముందు రెండు అడాప్టర్ల మీదా రాసిన వోల్టులు, ఆంపియర్లు చూసుకోండి. సాయంత్రం ఏరియేటర్లన్నీ (చెరువు నీళ్ళలో గాలి కలిపే యంత్రాలు) ఒక్కసారి ఆన్ చేస్తే లైట్లు డల్ అయ్యే ఊరు మీదైతే మీటింగ్ ఆ సమయంలో పెట్టకండి. డబ్బు కట్టే ఖాతా ఉంటే కో-హోస్ట్‌గా (మీటింగ్ నడిపే రెండో మనిషిగా) డాక్టరు గారిని పెట్టండి, మీ ల్యాప్‌టాప్ ఆరిపోయినా మీటింగ్ బతికే ఉంటుంది.

కెమెరా గురించి అడిగారు గనక చెప్తాను. మామూలు ఖాతాతో నడిచే మీటింగ్‌లో అవతలికి చేరేది 720పీ, ఒక్కోసారి అంతకన్నా తక్కువ. 4కెలో తీసినా దారిలో కుదించేస్తారు. 4కె వల్ల ఒక్కటే లాభం, దూరంగా ఉన్న మొహాన్ని కత్తిరించి దగ్గరికి చూపించొచ్చు. పాతిక మంది మొహాలూ డాక్టరు గారికి కనబడి చేసేదేముంది? మాట్లాడే మనిషి ముందుకొచ్చి నిలబడే చోటు ఒకటి పెట్టి, ఉన్న వెబ్‌క్యామ్‌నే కంటి ఎత్తులో అటు తిప్పండి. యూఎస్‌బీ వైరు అయిదు మీటర్లు దాటితే మామూలు ఎక్స్‌టెన్షన్ పనిచేయదు, సిగ్నల్‌ని మధ్యలో మళ్ళీ బలపరిచే యాక్టివ్ కేబుల్ తీసుకోవాలి. వరండా తలుపులు మనిషి వెనక పడితే మొహం నల్లగా వస్తుంది, కుర్చీలు తిప్పేయండి. తెర మీద నీడల చారలు పైకీ కిందకీ పాకుతున్నాయని రాశారు కదా, అది కెమెరా పాడవడం కాదు. మన కరెంటు 50 హెర్ట్జ్, కెమెరా సెట్టింగ్ 60లో ఉండిపోయి ఉంటుంది. యాంటీ ఫ్లికర్ అని ఉన్నచోట 50 పెట్టండి, పోతాయి.

చెరువు గట్టు మీంచి లైవ్ కుదురుతుంది, కానీ ఏం చూపిస్తారన్నది ముఖ్యం. వీడియో కుదింపు అంటే ప్రతి ఫ్రేమూ పూర్తిగా పంపరు, ముందు ఫ్రేముకీ దీనికీ తేడాని మాత్రమే పంపుతారు. కదలని గోడ ముందు మనిషి కూర్చుంటే పంపాల్సింది కొంచెమే. ఏరియేటర్లు చిమ్మే నురగ మీద ఫోను తిప్పారంటే తెరలో ప్రతి చుక్కా ప్రతి క్షణం మారిపోతుంది, ఉన్న డేటా అంతా ఆ నీళ్ళకే ఖర్చయిపోతుంది, చేతిలో ఉన్న రొయ్య గళ్ళు గళ్ళుగా కనబడుతుంది. కాబట్టి చెక్ ట్రేలోంచి (మేత తింటున్నాయో లేదో చూడటానికి చెరువులో దించే పళ్ళెం) రొయ్యని తీసి తెల్ల ప్లేటులో పెట్టండి. నీడలో, వెలుగు పక్క నుంచి పడేలా ఉండాలి, ఎర్రటెండ వద్దు. ఫోను రెండు చేతులతో పట్టుకుని మోచేతులు ఒంటికి ఆనించండి, రొయ్య మీద వేలితో నొక్కి ఫోకస్ నిలపండి. గట్ లైన్ (రొయ్య పేగు గీత) తల నుంచి తోక దాకా నిండుగా ఉందా, మధ్యలో తెగిందా, తెల్లబడిందా అన్నది ఇలా అయితేనే తెలుస్తుంది. తెల్లమచ్చ (వైట్ స్పాట్) జబ్బు అనుమానం ఉంటే తల మీది పెంకు ఒలిచి వెలుగుకి ఎదురుగా పట్టి చూపించండి, మచ్చలు పెంకులోనే ఉంటాయి గనక అప్పుడు బయటపడతాయి.

అసలు వివరం కోసం లైవ్‌ని నమ్ముకోవద్దు. ఫోటో తీసి వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపండి. ఫోటోగా పంపితే అదీ కుదించేస్తుంది. డాక్టరు గారు ఆ ఫోటో పెద్దది చేసి చూస్తూ మీతో మాట్లాడతారు. గట్టు మీద ఫోను అదే మీటింగ్‌లో చేరేటప్పుడు ఆడియో కలపకుండా బొమ్మ ఒక్కటే పంపించండి. పీసీఆర్ పరీక్ష అవసరమని ఆయనంటే ఇక వీడియోలో వాదించకుండా శాంపిల్ ల్యాబ్‌కి పంపేయండి.

యాప్ ఏదన్నది నాకు పెద్ద పట్టింపు లేదు. ఉచిత జూమ్ 40 నిమిషాలకి తెగిపోతుంది. ఉచిత గూగుల్ మీట్ ముగ్గురు అంతకన్నా ఎక్కువ మంది ఉంటే గంట ఇస్తుంది, ఇద్దరే అయితే 24 గంటల దాకా నడుస్తుంది. మీ హాలంతా కలిపి ఒక్క ల్యాప్‌టాప్, అటు డాక్టరు గారు, అంటే సాఫ్ట్‌వేర్ దృష్టిలో మీరు ఇద్దరే! గట్టు మీది ఫోను చేరితేనే మూడు. కాబట్టి ఆ ఫోను లేకుండా నడిపితే డబ్బు కట్టక్కర్లేదు. నాయిస్ సప్రెషన్ ఆన్‌లోనే ఉంచండి, అది ఫ్యాన్ల హోరు తీసేస్తుంది. అదే హాల్లో పెళ్ళి పెట్టుకుని అమెరికాలో ఉన్నవాళ్ళకి చూపించేటప్పుడు మాత్రం తీసేసి, జూమ్‌లో ఒరిజినల్ సౌండ్ అన్నది నొక్కండి. లేకపోతే సన్నాయినీ డోలునీ కూడా రొద అనుకుని నొక్కేస్తుంది, తాళి కట్టే వేళకి అవతల నిశ్శబ్దం.

వచ్చే మీటింగ్‌కి ఒకరోజు ముందు మైక్ సెట్టు కుర్రాడితో కూర్చుని, డాక్టరు గారి బదులు ఊళ్ళోనే ఇంకో ఇంట్లో ఒకరిని పెట్టి పావుగంట మాట్లాడి చూడండి, రికార్డు కూడా చేయండి. ఎకో అప్పటికీ ఉంటే మిక్సర్ ముందు వైపు, వెనక వైపు రెండు ఫోటోలు తీసి ఇక్కడ పెట్టండి. ఏ వైరు ఎక్కడ గుచ్చారో నాబ్‌లు ఎటు తిరిగి ఉన్నాయో కనబడేలా దగ్గర నుంచి తీయండి.